పస్తున్న ట్యాంకు

దండెం మీద దుప్పటి ఆరేస్తున్న కోడలు చటుక్కున ఆగింది. దుప్పటి అంచు కదిలింది. వారం పైగా చెట్టున ఆకు కదలని ఉక్కపోత. ఇప్పుడా దుప్పటి గాలికి ఉబ్బి ఫట్‌మని ఆమె ముఖాన్నే కొట్టింది. దెబ్బ తిన్న మనిషి పకపకా నవ్వింది.

"అత్తయ్యా, గాలొచ్చింది! మిగతావి మీరు ఆరేయండి!"

"నేనేమన్నా నీ పనిమనిషినా?" అంది అత్త గుమ్మంలోంచి. వినడానికి కోడలు అక్కడుంటేగా!

ఆమె మురుగునీటి కేంద్రంలో ఆపరేటరు. మురుగు నుంచి పుట్టే గ్యాసులో మూడోవంతుకు పైగా మండని బొగ్గుపులుసు వాయువే. గాలిమరలు జోరుగా తిరిగి కరెంటు మిగిలినప్పుడు, దాంతో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. ట్యాంకులో కంటికి కనపడని జీవాలు ఆ హైడ్రోజన్నీ, మండని వాయువునీ కలిపి తిని, పొయ్యికి పనికొచ్చే మీథేన్ వదులుతాయి. గాలి లేక అవి పస్తున్నాయి. వాళ్ల వీధికి గొట్టాలు వేశారు, పొయ్యిలు బిగించారు, గ్యాసు వదలడమే తరువాయి. వీధంతా సరేనన్నా అత్త మాత్రం, "మురుగు మంట మీద ఉడికింది నా గొంతు దిగదు" అని కరెంటు పొయ్యినే పట్టుకు కూర్చుంది. తను చేసే గ్యాసుకి తన ఇంట్లోనే చోటు లేదన్న మాట కోడలికి ముల్లులా గుచ్చుకుంటోంది.

మధ్యాహ్నం అత్త ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో క్యారేజీ పట్టుకుని కేంద్రానికి వచ్చింది.

"తిండి మరిచిపోయే ఉద్యోగం నేనెక్కడా చూళ్లేదమ్మా!"

"కాస్త ఆగండత్తయ్యా, వీటికి పెడుతున్నా." కోడలి కళ్లు మీటరు మీద, చెయ్యి వాల్వు మీద ఉన్నాయి.

"వేటికి?"

"ట్యాంకులో ఉన్నవాటికి. వారం నుంచి తిండి లేదు."

అత్త ముక్కు మీద నుంచి చెయ్యి తీసేసింది. "ప్రాణమున్నవేనా?"

"ఉన్నవే."

"మరి ఆ పిసినారితనమేమిటే? నిండా పెట్టు!"

"ఒక్కసారే పెడితే అరగదండీ. కొంచెం కొంచెంగా పెట్టాలి."

గొట్టం బిగిస్తున్న ఫిట్టరు అత్త వైపు చూసి నవ్వాడు. "అక్కగారూ, ఇవి మీ ఇంట పుట్టాల్సినవి!"

"నవ్వకు. ఆకలంటే ఆటలా ఉందా నీకు?"

అత్త ఇంటికి వెళ్లలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, వాల్వు వదలలేని కోడలి నోటికి ముద్దలు అందించింది. "నువ్వూ మెల్లగానే తిను" అంది. ముద్దముద్దకీ ట్యాంకు వైపు చూసి, "తింటున్నాయా?" అని అడిగింది.

పొద్దు వాలేసరికి మీటరు ముల్లు, గ్యాసు పొయ్యికి సిద్ధమని చెప్పే పచ్చగీత దాటింది. ఫిట్టరు ఈల వేసి వీధి వాల్వు తిప్పాడు. "మీరు వెళ్లండి, వీటిని నేను కనిపెట్టుకుని ఉంటా" అన్నాడు.

ఇంట్లో కోడలు, బిగించి వాడకుండా ఉంచిన గ్యాసు పొయ్యి వెలిగించింది. నీలిమంట గుండ్రంగా లేచి నిలబడింది. అత్త దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది అవి పెట్టిందేనా?"

"అవునత్తయ్యా."

"పాపం, పస్తుండి లేచి మళ్లీ మనకే పెట్టాయి." తనే టీ గిన్నె ఎక్కించింది. కాగాక గ్లాసులో పోసి తానే ముందు ఓ గుక్క తాగింది.

"పంచదార తక్కువైంది," అంది అత్త.

కోడలు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, గోడకి జారబడి కూలబడింది. అత్త మిగిలిన టీలో ఇంకో చెంచా పంచదార కలిపి, ఫ్లాస్కులో పోసి మూత బిగించింది. చెప్పులేసుకుని, "వాటిని కాసేవాడూ పస్తే కదా" అంటూ కేంద్రం వైపు నడిచింది.