ఎర్ర మూత ఉన్నవైపు

పెళ్ళయి నలభై రోజులైనా పిచ్చుకకు కొత్తదనం ఇంకా తీరలేదు. పొద్దున్నే ఒకే అద్దం ముందు ఇద్దరూ దువ్వెన కోసం పోట్లాడుకోవడం, గుమ్మం దగ్గర అతని చెప్పుల మీద తన చెప్పులు ఎక్కి కూర్చోవడం, ఇలాంటివన్నీ తలుచుకుని బస్సులో తనలో తనే నవ్వుకునేది. సరస్సుల అడుగున పేరుకున్న మట్టిని తవ్వి తీసి పాతకాలం ఎలా ఉండేదో చదివే ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. క్షణం నోరు మూయదని అక్కడివాళ్ళు పెట్టిన పేరు పిచ్చుక. ఇప్పుడు మొగుడికీ అదే అలవాటైంది. అతను సరస్సు ఒడ్డున నీళ్ళ పంపుల దగ్గర ఆపరేటరు.

ఆ రోజు పొద్దున అతను వీపు వెనక ఏదో దాచుకుని వచ్చాడు. అద్దం కట్టించిన ఫొటో. ఒడ్డున కొత్తగా కట్టిన క్వార్టర్సులో గురువారం దిగబోతున్నారు కదా, ముందుగదిలో మొదటి మేకు దీనికేనని ప్రకటించాడు.

పెళ్ళయిన తొమ్మిదో రోజు అతను తీసిన ఫొటో అది. సరస్సు మధ్యలో తెప్ప మీద పిచ్చుక నిలబడి, ఒడ్డున ఉన్న అతన్ని చూసి ముప్పై రెండు పళ్ళూ కనబడేలా నవ్వుతోంది. పక్కనే అప్పుడే నీళ్ళలోంచి లేచిన మీటరు పొడుగు గొట్టం గొలుసుకు వేలాడుతోంది. దాని మీద నల్లసిరాతో రెండు అంకె, ఒకదాని కింద ఒకటిగా తీసిన అయిదు గొట్టాల్లో రెండోది. కింది కొసకు ఎర్ర మూత.

పిచ్చుక వేలు ఆ ఎర్ర మూత మీద ఆగిపోయింది.

ఎర్ర మూత పై కొసకు, నల్ల మూత అడుగు కొసకు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేర్పే మొదటి పాఠం అది. సరస్సులో మట్టి ఏటికేడు ఒక పొరగా దిగుతుంది, పాతది కింద, కొత్తది పైన. గొట్టాన్ని తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాక ఏది పైనో ఏది కిందో చెప్పేది ఆ మూతలే. గొట్టం పైకి రాగానే మట్టి జారిపోకుండా ముందు అడుగుకొసను మూసేయాలి. చేతికందింది నల్లదో ఎర్రదో ఆ క్షణాన చూసుకోవాలి. ఆ రోజు ఆ క్షణాన ఆమె ఒడ్డువైపు చూసింది.

బాగాలేదా అని అతను అడిగాడు. బాగుందని ఎలాగో అంది. మధ్యాహ్నం డ్యూటీ దిగగానే క్వార్టర్సులో మేకు కొట్టి తగిలిస్తాననీ, పనిలో పనిగా ట్రంకుపెట్టె కూడా చేరవేస్తాననీ చెప్పి, ఫొటో చంకలో పెట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

బస్సులో ఆమెకు ఆ గొట్టం తప్ప ఇంకేమీ కనబడలేదు. ఎర్ర మూత వైపు పైది అనుకుని ప్రయోగశాల పెద్దసారు రాసిన కథ ఇది: అడుగున రెండు వేళ్ళ మందాన బూడిదరంగు ఇసుక పట్టీ, అంటే దాదాపు వెయ్యేళ్ళ కిందట ఎదుటి కొండ విరిగి సరస్సులో పడింది, నీళ్ళు లేచి ఒడ్డును ముంచాయి. దాని పైన బొగ్గు నలుసులు, పంట మొక్కల పుప్పొడి, అంటే ఆ తర్వాత మనుషులు వచ్చి పొయ్యిలు వెలిగించుకుని, సాగు చేసుకుని, వందల ఏళ్ళు చల్లగా బతికారు. కొండ శాంతించింది, ఒడ్డు కాపురానికి మంచిది. రేపు పది గంటలకు నీటి శాఖవాళ్ళ ముందు ఆయన చెప్పబోయేది ఇదే. గురువారం ముప్పై రెండు కుటుంబాలు దిగబోయేది ఈ మాట మీదే.

గొట్టాన్ని తిప్పి చూస్తే ముందు మనుషులు, ముందు పొయ్యిలు. ఆ మీద ఇసుక.

ఇక దాని పైనున్న మొదటి గొట్టంలో అడుగునుంచి మూరెడు మేర బొగ్గు లేదు, పంట లేదు, ఉన్నదల్లా అడవిగడ్డి పుప్పొడే. సూక్ష్మదర్శిని దగ్గర కూర్చునే పుప్పొడి అక్క ఈ మధ్యే ఆశ్చర్యపోయింది, ఇంతమంది ఉన్నపళంగా ఎక్కడికి పోయారే అని. అందరికీ ఒకేసారి బదిలీ అయ్యుంటుందిలే అక్కా అని తను జోకు వేసింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఇంకొకటి కూడా ఉంది. కింది గొట్టాల్లో అలాంటి పట్టీలే మరో రెండు ఉన్నాయి. రెండో గొట్టాన్ని తిప్పితే మూడింటి మధ్యా దూరం సమానమవుతుంది, ఒక మీటరూ బెత్తెడూ. అన్నిటికంటే పై పట్టీ నుంచి ఈనాటి మట్టి దాకా దూరం కూడా ఒక మీటరూ బెత్తెడే, అంటే కొండకు మళ్ళీ అన్నేళ్ళూ నిండాయి. వద్దనుకున్నా వేళ్ళు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాయి. టిక్కెట్టు ఎక్కడికమ్మా అని కండక్టరు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

శీతలగదిలో ఎవరూ లేరు. నిలువునా కోసి, పాలిథీను చుట్టి పెట్టిన రెండో గొట్టాన్ని బల్ల మీదికి దించింది. మట్టి చదివేవాళ్ళకు ఒక అలవాటుంది. చిటికెడు మట్టి ముందుపళ్ళ మధ్య పెట్టి చూస్తారు. కన్ను మోసపోతుందేమో గానీ పన్ను మోసపోదు. గ్లాసు నీళ్ళలో గుప్పెడు మట్టి కలిపితే బరక ఇసుక ముందు దిగుతుంది, మెత్తటి ఒండ్రు ఆఖరున దిగుతుంది. కొండ విరిగి పడినప్పుడూ అంతే, పట్టీలో బరక ఉన్న వైపే అడుగు. ప్రతి గొట్టానికీ ఆమె ఈ పరీక్ష చేసేది. పెళ్ళయ్యాక మొగుడు ఒకరోజు, మట్టి తిన్న నోటితోనా నాకు ముద్దులు అని ఏడిపించాడు. ఇక తిననని చెయ్యి మీద చెయ్యి వేసి మాటిచ్చింది. ఈ అయిదు గొట్టాలకూ చూడకుండానే, బూడిదరంగు ఇసుక, ఒండ్రు అని రాసి ఊరుకుంది.

ఇసుక పట్టీకి నల్ల మూత వైపు అంచు నుంచి చిటికెడు తీసి పంటి మీద రాసుకుంది. వెన్నలా మెత్తగా జారిపోయింది.

ఎర్ర మూత వైపు అంచు నుంచి తీసుకుంది. కరకర.

బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎవరికీ తెలియదు. మూతలు మార్చినా తెలియదు, మార్చకపోయినా తెలియదు. కిందటేడు రెండు చీటీలు తారుమారు చేసినవాణ్ణి పెద్దసారు గోదాములో ఖాళీ సీసాలు కడగడానికి పంపారు. తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకుంటే గురువారం వస్తుంది, ముందుగదిలో మేకుకు ఫొటో ఉంటుంది. దాని ఎదురుగా కిటికీ. కిటికీలో కొండ.

పెద్దసారు గది తలుపు తట్టింది. లోపల పుప్పొడి అక్క కూడా ఉంది, రేపటి కాగితాలు సర్దుతూ.

"సార్, రెండో గొట్టం తలకిందులైంది. మూతలు పెట్టింది నేనే."

"ఎలా తెలిసింది?"

"పంటికింద పెట్టుకుని చూశాను సార్."

"ఇప్పుడా? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?"

"మా ఆయన వద్దన్నారు సార్."

మామూలు రోజయితే పుప్పొడి అక్క కుర్చీలోంచి కిందపడి నవ్వేది. ఇప్పుడు కాగితాల మీంచి తలెత్తలేదు.

పెద్దసారు శీతలగదికి నడిచారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ఒక అంచునుంచి ఒకసారి, రెండో అంచునుంచి ఒకసారి మట్టి నోట్లో పెట్టుకున్నారు. స్కేలు తెమ్మన్నారు. మూడు పట్టీల మధ్యా కొలిచారు, మళ్ళీ కొలిచారు. తిట్లకు సిద్ధపడి వచ్చిన పిచ్చుకకు, ఆయన మూడోసారి కూడా స్కేలు పెట్టడం చూశాక అసలు భయం పుట్టింది.

"ఆ ఒడ్డున ఇప్పుడెవరున్నారు?" అన్నారాయన.

"మా ఆయన సార్. సామాను దించుతున్నారు."

"చీవాట్లు రేపు తిందువుగాని. ముందు వెళ్ళు." ఆయన అప్పటికే ఫోను అందుకున్నారు.

ఆమె క్వార్టర్సు చేరేసరికి అతను స్టూలు మీద ఉన్నాడు. మేకు దిగింది, ఫొటో ఎక్కింది, ట్రంకుపెట్టె గోడవార చేరింది. గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులకు సరిపడా చిన్న చెక్కబల్ల కూడా పెట్టాడు. ఆ బల్ల చూసి ఆమెకు ఏడుపొచ్చింది. అతను స్టూలు దిగి వచ్చి, బొటనవేలితో ఆమె పెదవి తుడిచాడు.

"మళ్ళీ మట్టి తిన్నావు కదూ? మాటిచ్చావే."

"తిన్నానండీ. పెట్టె పట్టండి, పైకి పోదాం."

గురువారం దాకా కూడా ఆగలేక వచ్చావనుకున్నానే అని అతను నవ్వబోయాడు. ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు. పెట్టెకు ఒక పక్క పిడి గట్టిగా పట్టుకుంది.

"ఈ నేల కింద ఎవరిదో పొయ్యి ఉందండీ. వాళ్ళకు బదిలీ కాలేదు."

అతనికి ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. ఆమె మొహం అర్థమైంది. ఫొటో దించి పెట్టెలో పెట్టాడు. మేకు గోడకే ఉండిపోయింది.

ఇద్దరూ చెరో పిడీ పట్టుకుని మిట్ట ఎక్కుతుంటే ఆమె ఆయాసపడుతూ అంతా చెప్పింది. అతను అన్నీ విని ఒక్కటే అడిగాడు, రేపు పంపులు ఎవరు వేస్తారు, ఊరికి నీళ్ళెలా అని.

సగం ఎక్కారో లేదో, ఎదుటి కొండ మీంచి చిన్న రాయొకటి దొర్లిన చప్పుడైంది. టపుక్కున నీళ్ళలో పడింది. ఒకటే రాయి. నీళ్ళ మీద అల ఒకటి గుండ్రంగా విచ్చుకుని, తీరిగ్గా ఒడ్డు దాకా వచ్చి, ఆఖరి క్వార్టరు మెట్టును తాకి వెనక్కి పోయింది.

అంతవరకూ పది అడుగులకోసారి చెయ్యి లాగుతోంది, దించు అంటూ వచ్చిన అతను ఇప్పుడు పెట్టె దించలేదు. ఆమె కూడా దించలేదు. ఇద్దరూ వెనక్కి చూడకుండా, ఇంకో రాయి చప్పుడు కోసం చెవులప్పగించి, ఎక్కుతూనే ఉన్నారు.