చిన్నదొర గొంతు

సంచిలో మడతపెట్టిన బట్టల మీద కుక్క పడుకుంది. లేపితే లేచి, తోక ఊపి, నా చెయ్యి నాకి, మళ్ళీ అక్కడే పడుకుంది. దానికి మా ఇంట్లో పెట్టుకున్న పేరు చిన్నదొర. దాని కిందనుంచి తువ్వాలు లాగి, కళ్ళజోడు అందులో చుట్టి పక్క అరలో దూర్చాను. మందుల డబ్బా, దువ్వెన, సగంలో ఆపిన పుస్తకం. అక్క వాళ్ళ ఊరి బస్సు ఇంకాసేపట్లో ఉంది. మా ఆయన గుమ్మంలోకి వచ్చారని తల ఎత్తకుండానే తెలిసింది, ఎందుకంటే సన్నటి పసిగొంతు ఒకటి వినబడింది.

"నాన్నమ్మా, నువ్వెళ్తే నాకు గుడ్డు ఎవరు ఒలిచిపెడతారు?"

అది చిన్నదొర గొంతు. అంటే, చిన్నదొర తరఫున మా ఆయన మాట్లాడే గొంతు.

నాతో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకి మొదటినుంచీ లేదు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారితో అనేవారు, "అమ్మా, నీళ్ళు తోడమను" అని. నేను అక్కడే, బకెట్టు పట్టుకునే ఉండేదాన్ని. అత్తగారు నావైపు తిరిగి "విన్నావుగా" అనేది. మా అమ్మకి బాగాలేదని కబురొచ్చినప్పుడూ అంతే, "వచ్చేవారం చూద్దాం అనమ్మా" అన్నారు ఆవిడతో. వచ్చేవారానికి అమ్మ లేదు. అప్పటినుంచి ఎవరైనా వెళ్ళొస్తానంటే చాలు, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడతాను. అత్తగారి తర్వాత ఆ పని మా అబ్బాయికి వచ్చింది. "మీ అమ్మకి చెప్పరా, కూరలో ఉప్పు లేదని." వాడు బొమ్మకారు నడుపుకుంటూనే "ఉప్పు లేదంటమ్మా" అనేవాడు. వాడూ ఉద్యోగస్తుడయ్యాక కొన్నేళ్ళపాటు ఇంట్లో మాటే లేదు. గోడకేసి "ఇదిగో" అని ఒక్క పిలుపు, అంతే. ఆయన రిటైరయ్యాక మా అబ్బాయి ఈ కుక్కపిల్లని తెచ్చాడు, నాన్నకి తోడుగా ఉంటుందని. తోడు ఆయనకి, చాకిరీ నాకు.

పొద్దున్నే నొప్పి మోకాలితో దాన్ని తిప్పుకు రావాలి. సోఫా మీద వెంట్రుకలు తడిగుడ్డతో తీయాలి. వాన పడితే దొరగారు గడప దిగరు, వరండాలో పాత పేపర్లు పరచాలి. పరిచేముందు వాటిని చదువుతానని నన్ను ఎగతాళి చేస్తారు. "అత్తయ్య కుక్క పేపర్ని కూడా వదలరు" అంది మా కోడలు, నవ్వుతూనే. కోపం తెచ్చుకుందామంటే అది చెడ్డ కుక్కైనా కాదు. కరెంటు మీటరు చూసే మనిషి వచ్చినా పొట్ట చూపించి పడుకుంటుంది. కన్నంవేసేవాడు వచ్చినా అదే చేస్తుంది. కానీ అది వచ్చాక ఆయనకి గొంతు దొరికింది. "నాన్నమ్మా, తాతయ్య టీ చల్లారిందంట." "నాన్నమ్మకి ఈమధ్య వంట మీద ధ్యాస లేదు కదా తాతయ్యా." అందరూ పడి నవ్వుతారు. నేను మొహం ముడుచుకుంటే "కుక్క మీద కోపమేంటమ్మా" అంటాడు మా అబ్బాయి. నిజమే, కుక్క మీద ఎలా కోప్పడతాం. ఆయన మీద కోప్పడదామంటే ఆయన ఏమీ అనలేదు.

అక్క స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కుట్టుపని చేసుకుని ఒక్కతే బతికే మనిషి. కబురు తెలిసిన రోజే బయల్దేరబోతే చిన్నదొరకి విరేచనాలు పట్టుకున్నాయి. "నాన్నమ్మా, నాకు నీరసంగా ఉంది" అని గొంతు. ఆగిపోయాను. ఇంకోసారి చిన్నదొరకి సూదిమందు వేయించాలని ఆగాను. అక్క ఫోన్లో అంది, "పోనీలేవే, మీ కుక్కకి తగ్గాకే రా. నేనెక్కడికి పోతాను, మంచం దిగితే గదా." దెప్పిపొడుపు కాదు, మామూలుగానే అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అందుకే ఈసారి గుమ్మంలో గొంతు వినగానే నేను సంచి దగ్గరనుంచి లేచాను. ముందు కుక్కతోనే చెప్పాను.

"గుడ్డు ఎవరైనా ఒలుస్తారు. నువ్వు ఎవరు పెట్టినా తింటావు."

"నేను ముద్ద ముట్టను నాన్నమ్మా" అంది గొంతు. కుక్క ఆవలించింది. హాల్లోంచి మా అబ్బాయి కిసుక్కున నవ్వాడు.

"దానికి చెప్పాల్సింది చెప్పేశాను" అన్నాను ఆయన మొహంలోకి చూసి. "మీరేమంటారు?"

"వాడే చెప్తున్నాడుగా" అన్నారు, చూపు కుక్క మీద పెట్టి.

"వాడు చెప్పలేదు. నన్ను ఉండమని మీ నోటితో ఒక్కసారి అడగండి. ఉంటాను."

ఆ మాట ఉత్తినే అనలేదు. అడిగితే నిజంగానే ఉండిపోయేదాన్ని, నాకు నేను తెలుసు. మంచంలో ఉన్న అక్కని కూడా పక్కనపెట్టి, అడిగారు కదా అని సంచిలో బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టుకునేదాన్ని. అడుగుతారేమోనని భయం వేసింది. అడగరేమోనని అంతకంటే ఎక్కువ భయం వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోటినుంచి నాకోసం బయల్దేరిన మాట ఎలా ఉంటుందో వినాలని, ఈ వయసులో, సిగ్గు లేకుండా ఎదురుచూశాను. ఆయన నోరు తెరిచారు. గొంతు సవరించుకున్నారు. చెవుల దాకా ఎరుపెక్కారు.

"తాతయ్యకి కోపం వచ్చింది నాన్నమ్మా" అంది చిన్నదొర గొంతు.

కుక్కని రెండు చేతులతో ఎత్తి పక్కన దింపి, సంచి జిప్పు లాగాను. మా అబ్బాయి బస్సు దాకా దింపాడు. "ఎప్పుడొస్తావమ్మా" అంటే "అక్క లేచి నడిచాక" అన్నాను. అప్పటికి అదే అనుకున్నాను.

అక్క ఇల్లంటే ఒకటే గది, కిటికీ పక్కన కుట్టుమిషను. నన్ను చూడగానే "ఏమే, సెలవిచ్చాడా మీ చిన్నదొర" అంది. లేపి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, మంచం కిందనుంచి బెడ్‌పాన్ తీయడం, అన్నీ చాకిరీయే, ఇంట్లో చేసినదానికంటే ఎక్కువే. కానీ అక్క "నడుం కింద దిండు పెట్టవే" అని నా మొహం చూసి అడిగేది. పెట్టాక "హమ్మయ్య" అనేది. కొన్నాళ్ళకి కర్ర పట్టుకుని కుంటుతూ నడవసాగింది. అయినా ఇంకొన్నాళ్ళు ఉందామనుకున్నాను.

సాయంత్రాలు ఇంటినుంచి ఫోను వచ్చేది. "నాన్నమ్మా, ఎప్పుడొస్తావు? నేను చిక్కిపోయాను" అని గొంతు. వెనకాల చిన్నదొర గిన్నె చప్పుడు చేస్తూ ఆబగా తింటూ ఉండేది. "బాగున్నావా" అని దాన్నే అడిగేదాన్ని. ఆ తర్వాత ఫోను చెవికి ఆనించుకుని ఊరుకునేదాన్ని, ఆయన ఏమైనా అంటారేమోనని. అక్క మిషను తొక్కడం ఆపి నావైపు చూసేది.

ఒకరోజు ఫోనెత్తితే ఏ గొంతూ లేదు. ఊపిరి వినిపిస్తోంది. కుక్కది కాదు, ఆయనది. ఇక అడిగేస్తారు, ఇప్పుడు అడిగేస్తారు అని ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"చిన్నదొర పడుకున్నాడు" అన్నారు, తన మామూలు గొంతుతోనే. ఫోను పెట్టేశారు.

ఇన్నాళ్ళూ అడగంది సొంత గొంతు లేక కాదన్నమాట. ఫోను కిటికీ మీద పెట్టి, అక్క కుట్టిన బట్టకి గుండీలు కుట్టాను. దారం పళ్ళతో తెంపుతుంటే అక్క అడిగింది, "ఏమన్నాడే?"

"కుక్క పడుకుందంట" అన్నాను.

అక్క నవ్వలేదు. "గుండీలు ఇంకో వరస ఉన్నాయి" అని పెట్టె నావైపు జరిపింది.

అక్క కిందటేడు వానాకాలంలో పోయింది. ఆ తర్వాత కూడా నేను తిరిగి వెళ్ళలేదు.