ఆదివారం పోసిన నైట్రోజన్

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి ఆశాజ్యోతి కాలేజీ ల్యాబ్ తలుపు తీసింది. జెర్మేనియం డిటెక్టర్ మైనస్ 186 డిగ్రీల దగ్గర ఉంది. అలాగే ఉండాలి. అయినా రికార్డు తిరగేసింది. ఆదివారం ఉదయం పదింటికి అది మైనస్ 120 దాకా వేడెక్కింది. తర్వాత మళ్ళీ చల్లబడింది.

బుధవారం ఉదయం ఆ డిటెక్టర్ భీమవరం నుంచి బెంగళూరు వెళ్ళాలి. ఉపగ్రహంలో బిగిస్తారు. ఆకాశం నుంచి వచ్చే గామా కిరణాల శక్తిని కొలవడం దాని పని. ఆలస్యమైతే వేరే కాలేజీ డిటెక్టర్ ఎక్కుతుంది. ఆమె మూడేళ్ళ పని ఇక్కడే ఉండిపోతుంది.

గామా కిరణాలిచ్చే కోబాల్ట్ ముక్క ముందు పెట్టి కొలిచింది. తెర మీద పడే గీత ఎంత సన్నగా ఉంటే కొలత అంత కచ్చితం. శుక్రవారం గీత వెడల్పు 1.9 కిలో ఎలక్ట్రాన్ ఓల్టులు. ఇప్పుడు 3.4. వెడల్పు 2.2 దాటితే బెంగళూరు వాళ్ళు తీసుకోరు.

వీరబాబుకి ఫోన్ చేసింది. అతను గోపాలమిత్ర, ఊళ్ళో పశువులకి చూలు సూదులు వేస్తాడు. పశువుల వీర్యం డోసులు నిల్వచేసే ద్రవ నైట్రోజన్‌ని ల్యాబ్‌కీ తెచ్చిస్తాడు.

“నిన్న వచ్చారా అండీ?”

“మీరు చర్చికెళ్ళారు కదా మేడం. వాచ్‌మన్ తాళం తీశాడు. చూస్తే డిటెక్టర్ కింద క్యాన్ ఖాళీ. వెంటనే పోసేశాను.”

“సగం వేడెక్కాక పోయకూడదండి. లోపల వదిలిన ఆవిర్లు స్ఫటికం మీదే గడ్డకడతాయి. పూర్తిగా గది వేడికి రానిచ్చి, అప్పుడు చల్లబరచాలి.”

“మా డోసులైతే ఆగితే చచ్చిపోతాయండి. ఆ అలవాటే.”

ఆశాజ్యోతి ఫోన్ పెట్టేసింది. శనివారం నింపాల్సింది తనే.

డిపార్ట్‌మెంట్ హెడ్ సూర్యప్రకాశం సంగతంతా విన్నారు. “శుక్రవారం రిపోర్టే పంపమ్మా. ఎవరు చూస్తారు?”

“పైకి వెళ్ళాక చూస్తారు సార్. అప్పుడు బాగుచేయడానికి ఎవరెళ్తారు?”

“నన్ను మాత్రం పంపకు,” అన్నారాయన. తర్వాత కుర్చీలో కూర్చుండిపోయారు.

పదింటికి నైట్రోజన్ తీసేశారు. వేడెక్కడానికి ఒక రోజు పట్టింది.

మంగళవారం ఉదయం వీరబాబు బండి మీద క్యాన్ కట్టుకుని వచ్చాడు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

“పోయమంటారా?”

“గది వేడికి ఇంకా మూడు డిగ్రీలు.”

“మా గేదె ఈనినప్పుడు కూడా ఇంత కంగారు పడలేదండి.”

పదింటికి పోశారు. సాయంత్రం అయిదింటికి చల్లబడింది. ఓల్టేజీ మెల్లగా పెంచి, కోబాల్ట్ పెట్టి, గంట లెక్కించింది.

2.1.

వీరబాబు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆశాజ్యోతి మూడు అంకెలూ రిపోర్టులో రాసింది. సూర్యప్రకాశం 3.4 మీద వేలు పెట్టి ఆగి, సంతకం చేసి బెంగళూరు పంపారు.

ఏడున్నరకి బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది.

“సోమవారం 3.4 ఏంటండీ?”

“శనివారం నేను నైట్రోజన్ పోయడం మర్చిపోయానండి,” అంది.

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

“వ్యాన్ ఎక్కించండి. ఇక్కడ మళ్ళీ కొలుస్తాం.”