కన్నమ్మ చూసిన తెల్ల చక్రాలు

టేకులపల్లిల పెయింటర్ ముక్తార్ అంటే తెల్వనోళ్ళు లేరు. లారీలకు రంగులేసి, ట్రాక్టర్ల మీద పేర్లు రాసి, నలభై ఏండ్లు ఆ పనితోనే ఇల్లు నడిపిండు. అసొంటి మనిషి ఒక్క పని మాత్రం ఒప్పుకునేటోడు కాదు. ఎవరన్న వచ్చి బండి చక్రాలకు తెల్లరంగు వెయ్యమంటే, "డబ్బా అయిపోయింది, నల్లది వేస్త" అనేటోడు. రెండోసారి అడిగితే పనే వద్దనేటోడు. ఎందుకో భార్య సకీనాకు కూడ ఏనాడు చెప్పలే.

2005 ఎండకాలంల తునికాకు కాంట్రాక్టర్ నరహరి సచ్చిపోయిండు. నెల తిరగకముందే ఆయన భార్య ముక్తార్‌కు కబురు పంపింది. వాళ్ళ కొట్టంల ఒక పాత అంబాసిడర్ ఉన్నది. నల్లది, అరవై రెండు మోడల్.

"దీనికి రంగులేసేటోనివి నువ్వే కద. తీస్కపో. నాకేం ఇయ్యకు. నా వాకిట్ల మాత్రం ఉండొద్దది," అన్నది ఆమె.

ఎందుకొద్దో ఆమె చెప్పలే. ఆయన అడగలే. వద్దని చెప్పి వెనక్కి రావాలనే పోయిండు గాని, ఆ బండి ముంగట నిలబడేసరికి నోరు రాలేదు. తాళం చెయ్యి చేతిల పెడితే తీసుకున్నడు.

సకీనా సంబరపడ్డది. బాగు చేస్తే పెండ్లిండ్లకు కిరాయికి పోతదన్నది. ఇంజన్ పని మెకానిక్ చూసిండు. బాడీ మెరుగు పెట్టుడు రెండు రోజుల్ల అయింది. ఇగ మిగిలింది చక్రాలు. వాటి నల్లరంగు పొక్కులొచ్చి, అంచులకు తుప్పు పట్టి ఉండె. వాటి జోలికి పోకుండ ముక్తార్ వారం రోజులు ఏవేవో పనులు కల్పించుకున్నడు. చివరికి ఒకనాడు పొద్దుగాల జాకీ పెట్టి నాలుగు చక్రాలు విప్పి, రేకుల పందిరి కింద ఇటుకల మీద పరిచిండు. టైర్లకు రంగు అంటకుండ పాత పెండ్లి కార్డులు ముక్కలు చేసి, టైరుకు రిమ్ముకు నడుమ చుట్టూ దోపిండు. గరుకు కాయిదం నీళ్ళల్ల ముంచి రుద్దుడు షురూ చేసిండు.

నల్లటి నీళ్ళు వాకిట్ల పారినయ్. కాసేపటికి వేలెడంత జాగల తెలుపు బయటపడ్డది.

ఆ తెలుపు వేసింది ముక్తారే. దాని మీద నలుపు వేసింది కూడ ముక్తారే.

నరహరి ముచ్చటపడి నల్లబండికి తెల్ల చక్రాలు కావాలంటే వేసిచ్చిండు. చుట్టుపక్కల అసొంటి బండి ఇంకోటి లేకుండె. తర్వాత ఏడాదికి, ఎనభై మూడుల, ఒకనాడు తెల్లారంగనే డ్రైవర్ ఆ బండి తెచ్చి ఇదే వాకిట్ల నిలిపిండు. "మధ్యాహ్నంకల్ల చక్రాలు నల్లగ కావాలె. దొర చెప్పిండు," అని వేరే మాట లేకుండ పోయిండు. ముక్తార్ మట్టి కడుగుతుంటే ముందు చక్రం నట్టుకు తువ్వాల పేలిక చుట్టుకుని కనబడ్డది. పీకితే చెయ్యి ఎర్రగయింది. ఆ పేలికను పొయ్యిల పడేసి, చెయ్యి కడుక్కుని, నల్లరంగు డబ్బా మూత తీసిండు. ఆయన తినే అన్నంల సగం నరహరి పనుల మీద వచ్చేదే.

మూడు రోజులకు ఒక ఆడమనిషి వాకిట్లకు వచ్చింది. భద్రాచలం రోడ్డు పక్కన గూడెపామె, పేరు కన్నమ్మ. తునికాకు కల్లం కాడికెల్లి మొగుడు సమ్మయ్యతోని నడిచి వస్తుంటే, మసక చీకట్ల దీపాలు లేకుండ ఒక బండి వచ్చి ఆయనను గుద్ది సంపి పోయింది. ఆమెకు చదువు రాదు, నంబరు తెల్వదు. చక్రాలు తెల్లగ ఉన్నయని ఒక్కటే చెప్తున్నది. ఎక్కడ షెడ్డు కనబడితే అక్కడికి పోయి అడుగుతున్నది. బండి ఎవరిదో తెల్సినోళ్ళు గూడ దొరకు భయపడి చెప్తలేరు.

"అన్నా, తెల్ల చక్రాల బండి గిట్ట చూసినవా?"

"చూడలేదమ్మా," అన్నడు ముక్తార్.

రంగు ఆనాడే అయినా డ్రైవర్ బండి కోసం మల్ల రాలే; ఆ మాట అంటున్నప్పుడు అది ఆమె వెనకాలనే ఉన్నది. పోతూ పోతూ ఆమె దాని దిక్కు చూసింది, నల్ల చక్రాల దిక్కు కూడ చూసింది. చూసి పోయింది.

ఆ తర్వాత సంతల ఆమె కనబడితే ముక్తార్ సందు తిరిగిపోయేటోడు. ఇప్పుడు ఈ చక్రాలు రుద్దుతుంటే సందు ఎటు తిరుగుతడు? కాయిదం గరగరమన్నప్పుడల్ల వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టే అనిపించేది. మెడ మీద ఊపిరి తగిలినట్టయ్యేది. తిరిగి చూస్తే కంచె, కంచె అవతల ఎండ. మల్ల రుద్దేటోడు, మల్ల అదే. రెండోనాడు సకీనా చాయ్ తెచ్చి ఆయన వెనక ఆగింది.

"చూడలేదమ్మా," అన్నడు ముక్తార్, తల ఎత్తకుండనే.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

ఆయన చేతిల కాయిదం నీళ్ళల్ల పడ్డది. ఇంతసేపు ఎన్నిసార్లు ఆ మాట అన్నడో ఆయనకే తెల్వదు. సకీనా పక్కన కూసున్నది. అప్పుడు, ఇరవై రెండేండ్ల కింది సంగతి మొత్తం చెప్పిండు. ఆమె చల్లారిన చాయ్ వాకిట్ల పారబోసింది.

"ఏ రంగు వేస్తవో నీ ఇష్టం. మల్ల నల్లదే వేస్తే మాత్రం ఆ బండి నేను ఎక్క," అని లేచి లోపలికి పోయింది.

ముక్తార్ తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, మీద తెల్లరంగు వేసిండు. ఆ రోజు ఒక్కో చక్రానికి మూడుసార్లు తుడిచి మల్ల వెయ్యాల్సి వచ్చింది. ఆరినంక బండికి బిగించి, ఒక్కడే ఎక్కి గూడెం దిక్కు పోయిండు.

కన్నమ్మ ఇంటి ముంగట ఇప్పపలుకులు ఎండబోస్తున్నది. జుట్టు నెరిసింది, నడుము వంగింది. బండి చప్పుడుకు లేచి వచ్చి, పది అడుగుల దూరంల ఆగిపోయింది. చూసి చూసి అక్కడనే మట్టిల కూలబడ్డది. ఆమె కండ్లు సరిగ్గ చక్రం ఎత్తుల ఉన్నయ్.

"గుద్దంగనే నేను గూడ కాల్వల పడ్డ," అన్నది. "గిట్లనే కనబడ్డయి. గీ బండేనా?"

"అవ్, గీ బండే."

"మరి చూడలేదంటివి."

ఆమెకు తన మొకం ఇంకా యాదికుందని ముక్తార్ అనుకోలే. "నల్లరంగు నేనే వేసిన. నువ్వు వచ్చిననాడు నీ వెనకాలనే ఉండె."

"తెల్సే వేసినవా?"

తెల్వదంటే అయిపోతది. డ్రైవర్ సచ్చిండు, నరహరి సచ్చిండు, కాదనేటోళ్ళు ఎవరు లేరు.

"తెల్సు," అన్నడు. "చక్రానికి తువ్వాల పేలిక ఉండె. నెత్తురు ఉండె. తీసి కాలబెట్టిన."

కన్నమ్మ ఏడవలే, తిట్టలే. లేచి పక్కింటి గడప కాడికి పోయి మరిది ముత్యాలును పిలిచింది. ఆయన వచ్చిండు, ఇంకో నలుగురు వచ్చిండ్రు.

"ఇప్పుడు చెప్పు సాయిబూ. గట్టిగ చెప్పు," అన్నది.

ముక్తార్ చెప్పిండు. మల్లొకసారి చెప్పమన్నది. మల్ల చెప్పిండు. మూడోసారి గూడ చెప్పించింది. ముత్యాలు తల దించుకున్నడు. అన్న తాగి కల్వర్టు మీదికెల్లి పడి సచ్చిండని, వదినకు మతి పోయి తెల్ల చక్రాలు అంటున్నదని ఇన్నేండ్లు ఊరంత తిరిగి చెప్పింది ఆయనే.

"తాగి సచ్చినోనికి రాయి ఎందుకన్నరు," అన్నది కన్నమ్మ, ఎవరి దిక్కు చూడకుండ. "సచ్చిన పెద్దలందరికి పేరు పేరున రాయి నిలబెట్టిండ్రు. ఆయనకు లేదు."

కన్నమ్మ ఇంట్లకు పోయి చెంబుతోని నీళ్ళు తెచ్చి ముక్తార్‌కు ఇచ్చింది.

"తాగు. తాగి పో. మల్ల ఈ గడపకు రాకు."

తెల్లారి ముక్తార్ ఠాణాకు పోయి, చూసింది చేసింది అంత కాయిదం మీద రాయించి, సంతకం పెట్టి వచ్చిండు. కేసు పెట్టడానికి మనిషి ఎవడు మిగల్లేదని అక్కడ చెప్పిండ్రు. బండి పందిరి కిందనే ఉండిపోయింది. సకీనా మల్ల కిరాయి మాట ఎత్తలే.

వానలు పడ్డంక ముక్తార్ ఏదో పని మీద భద్రాచలం బస్సెక్కిండు. గూడెం దాటినంక రోడ్డు పక్కన, కల్వర్టుకు ఇవతల, మనిషి నడుమెత్తు రాయి ఒకటి కొత్తగ నిలబెట్టి ఉన్నది. దాని మొదట్ల పసుపు, ఇంకా వాడిపోని ఆకులు. ముత్యాలు పార పట్టుకుని దాని చుట్టూ మట్టి తొక్కుతున్నడు. కన్నమ్మ పక్కన నిలబడి వానకు తడుస్తున్నది. బస్సు కల్వర్టు కాడ మెల్లగయింది. ముక్తార్ కిటికీ కాడికెల్లి మొకం తిప్పుకోలే. ఆమె చూసింది. చూసి, మల్ల రాయి దిక్కే తిరిగింది.