ఎబెనెజరు నిలయం లేచిన సంవత్సరం

ఆ సంవత్సరం ఆశాజ్యోతి ప్రతి ఉదయం నిద్ర లేవగానే చేసే మొదటి పని, ఆ వారం పొయ్యి ఏ గదిలో ఉందో గుర్తు తెచ్చుకోవడం. పాత ఇంటిని ఒక్కొక్క గదిగా బాగు చేయించుకుంటూ అందులోనే కాపురం ఉండేవారికి ఇది తప్పదు. ఒక వారం గ్యాసుపొయ్యి పడకగది కిటికీ కిందికి వస్తుంది. మంచం నడవాలోకి పోతుంది. పిల్లల పలకలూ పుస్తకాలూ సిమెంటు బస్తాల మీదికి ఎక్కుతాయి. ఆరేళ్ల రెబెక్కాకు జడ వేస్తూనే రెండేళ్ల యెహెజ్కేలు నోట్లోంచి సున్నపు పెళ్ల తీసి పారేయాలి. ఆ తరువాత మొగల్తూరు బస్సు అందుకోవాలి. అక్కడి ఉన్నత పాఠశాలలో ఆమె లెక్కలు చెబుతుంది. ఆమె భర్త సుకుమార్ నీటిపారుదల శాఖలో గుమాస్తా. పిల్లదాన్ని బడిలో దింపి, పిల్లవాడిని పక్కింటి చిట్టెమ్మగారికి అప్పగించి ఆఫీసుకు వెళ్లడం అతని వంతు.

బయలుదేరేటప్పుడు ఒక చిన్న తంతు ఉండేది. రోడ్డు మీదికి ఎక్కగానే పిల్లవాడు వెనక్కు తిరిగి, వీధి గుమ్మం పైన సున్నంతో పోతపోసిన అక్షరాలను అరచేత్తో ఒక్కొక్కటిగా తట్టేవాడు. ఎబెనెజరు నిలయం. ఆ పేరు పెట్టి ఆ పెంకుటిల్లు కట్టించినవారు మిషను బడి హెడ్మాస్టరు యెహెజ్కేలుగారు, సుకుమార్‌కు తాతగారు. పిల్లవాడికి పెట్టింది ఆయన పేరే. ఆయన రోజుల్లో వచ్చినవారు నాలుగు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవారు. గుమ్మం మీది అక్షరాలు చదవాలంటే తల పైకెత్తవలసి వచ్చేది. ఇప్పుడవి రెండేళ్ల పిల్లవాడి చేతికి అందుతున్నాయి.

దానికి రెండు కారణాలు. మునిసిపాలిటీవారు రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు తవ్వించకుండా దాని మీదే కొత్తది పోయించడం ఒకటి. ఇల్లు కూర్చోవడం రెండోది. నరసాపురంలో ఆ వీధి ఇళ్లకు అది కొత్త కాదు. చూసేవారు లేకపోతే ఇల్లు కొంచెం కొంచెంగా నేలలోకి కూర్చుంటుంది. చూసేవారు వస్తే లేస్తుంది. పోస్టుమాస్టరుగారి ఇల్లు అలా కూర్చుని, కోడలు కాపురానికి వచ్చాక లేచింది. ఎబెనెజరు నిలయం మాత్రం కూర్చుని చాలాకాలమైంది. వాన పడితే రోడ్డు మీది నీరంతా వీధి గుమ్మంలోంచి వచ్చి పెరటి గుమ్మంలోంచి పోయేది. పిల్లలిద్దరినీ మంచం మీదికి ఎక్కిస్తే, వాళ్లు పంటు మీద గోదావరి దాటుతున్నామని ఆడుకునేవారు. ఆశాజ్యోతి మాత్రం చీపురుతో ఆ నీటిని పెరటి వైపు తోస్తూనే ఉండేది.

ఇంట్లో సగం వాటా సుకుమార్ పెదనాన్న రాజ్ కుమార్‌గారిది. బ్యాంకులో ఆఫీసరుగా రిటైరై రాజమండ్రిలో ఉంటున్నారు. ఆ ఏడు మొదట్లో ఆయన ఫోన్ చేసి, మాట దాచకుండా చెప్పారు.

"ఆ గోతిలో ఎన్నాళ్లుంటార్రా? బిల్డరు గంగరాజు అడుగుతున్నాడు, అపార్టుమెంటు కడతాడట. నీకూ ఒక ఫ్లాటు వస్తుంది."

ఫోన్ ఆశాజ్యోతి తీసుకుంది. "మాకు ఈ ఒక్క ఏడాది ఇవ్వండి మావయ్యగారూ. క్రిస్మస్ ముందు మీరొచ్చి చూడండి. ఇల్లు లేస్తే మాకు ఉంచండి. లేవకపోతే మీ ఇష్టం."

"లేస్తుందంటావా అమ్మా?"

"లేపుతామండి."

మొదట చేసిన పొరపాటు ఆశాజ్యోతిదే. వచ్చేపోయేవారు చూసేది వీధి గదే కదా అని వేసవి సెలవుల్లో అక్కడి నుంచి మొదలుపెట్టించింది. మేస్త్రి బుల్లబ్బాయి గోడలు గీకి కొత్త పూత వేశాడు. నేలకు ఎర్ర గచ్చు చేసి, అద్దంలా మెరిసేదాకా రుద్దాడు. తడి ఆరకముందే యెహెజ్కేలు దాని మీద నడిచాడు. ఆ చిన్న పాదాల గుర్తులు ఉండనివ్వమని ఆశాజ్యోతే చెప్పింది. రంగులు వేశారు. కిటికీ పక్కన తాతలనాటి రాతి బల్ల ఉంటే దాన్ని మాత్రం కదపలేదు. సుకుమార్ నాయనమ్మ ఏసమ్మగారు దాని మీద కూర్చునే లేసు అల్లేవారట. అంతా అయింది. గది మాత్రం లేవలేదు.

చిట్టెమ్మగారు పాలచెంబుతో వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడకు నాలుగు గేదెలు, బోలెడు నోరు.

"ఏంటండీ టీచరుగారూ, పశువుని కొమ్ములు పట్టుకుని లేపుతారా ఎవరైనా?"

"మరెలా లేపాలండీ?"

"మా గేదె ఎప్పుడైనా ముందుకాళ్ల మీద లేవడం చూశారా? వెనకనుంచి లేస్తుంది. మీరు వంటిల్లు వదిలేసి వీధి గదికి పౌడరు రాశారు. లెక్కలు చెబుతారు గానీ, ఇది తెలీదా మీకు?"

ఆశాజ్యోతి నవ్వేసింది. మర్నాడే వంటింట్లో పని మొదలైంది.

సుకుమార్ ప్రతి శనివారం సాయంత్రం పెంకులు దింపి, కొబ్బరి పీచుతో నాచు పోయేలా తోమి, ఆదివారం ఆరాధన ముగిశాక మళ్లీ పేర్చేవాడు. రెబెక్కా అందించేది. చెద పట్టిన దూలం తీయించి, పాత కలపే వెదికి తెచ్చి వేయించారు. వంటింటికి రంగు వేసిన నాలుగోనాడు, ఉదయం ఆశాజ్యోతి అట్టు తిరగేస్తుండగా, పంటు ఒడ్డు వదిలేటప్పుడు కాళ్ల కింద తెలిసే కదలిక లాంటిది తెలిసింది. కిటికీలోంచి కనిపించే చిట్టెమ్మగారి గోడ మెల్లగా కిందికి దిగింది. గోడ వెనక గేదెలూ, వాటి వెనక కొబ్బరి మొక్కలూ కనిపించాయి. ఆమె పొయ్యి తగ్గించి, గది కుదురుకున్నాక మళ్లీ పెంచింది.

"ఏవండీ, వంటిల్లు లేచింది. చూసుకుని ఎక్కండి."

సుకుమార్ కింద నడవాలో నిలబడి, మోకాలెత్తున ఉన్న గడప మీద చెయ్యి వేసి, చూశాడు. తరువాత పైకెక్కి, నిలబడే అట్టు తిన్నాడు. ఆ పూట ఆఫీసుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు.

బుల్లబ్బాయి ఆ గుమ్మానికి ఒక చెక్క వాలుగా వేశాడు. యెహెజ్కేలుకు అదే ఆట అయింది. పైకి పాకడం, కిందికి జారడం. చర్చిలో సంఘస్థులు అడిగేవారు, "వంటిల్లు లేచిందటగా?" అని. ఆశాజ్యోతి కొంచెం నెమ్మదిగా, వినేవారికి సరిగ్గా వినబడేటట్టు, "దేవుని దయవల్ల లేచిందండి" అనేది. వానలు మొదలయ్యేలోగా పడకగది లేచింది. దసరా సెలవుల్లో నడవా లేచింది. ఒక గది లేచినప్పుడల్లా కుటుంబం పొయ్యీ మంచాలతో ఇంకో గదికి మారేది. పిల్లలు కిటికీలోంచి చిట్టెమ్మగారి గోడ ఎంత కిందికి దిగిందో చూసుకునేవారు. అక్టోబరులో తుఫాను వాన రెండు రోజులు విడవకుండా కురిస్తే నీరు వీధి గదిలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. పై గదుల్లో పిల్లలు పొడి నేల మీద పడుకుని నిద్రపోయారు. ఆశాజ్యోతి గడప మీద కూర్చుని కింద నిలిచిన నీటి వంక చూస్తూ, ఈసారి చీపురు ముట్టుకోకుండా, ఒక గ్లాసు టీ తాగింది.

నవంబరు వెళ్లిపోయింది. వీధి గది లేవలేదు. ఎర్ర గచ్చు మళ్లీ రుద్దించారు, గోడలకు మళ్లీ రంగు వేయించారు. ఇల్లు వెనకంతా నిలబడి, ముందు మాత్రం కిందికే ఉండిపోయింది. రాజ్ కుమార్‌గారు వచ్చే ఆదివారం గంగరాజుతో సహా వస్తున్నట్టు కబురు చేశారు.

"మా గేదె కూడా ఒక్కోసారి ఇలాగే చేస్తుందండి," అంది చిట్టెమ్మగారు రోడ్డు మీద నిలబడి. "సగం లేచి మొండికేస్తుంది. ఎవరో వచ్చి తట్టాలి."

గడప మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న రెబెక్కా తల ఎత్తలేదు. "మొండి కాదు. మోకరించింది. ప్రార్థన అవలేదుగా, అందుకని లేవట్లేదు."

ఆ ఇళ్లలో కుటుంబ ప్రార్థనకు ఒక మర్యాద ఉంది. అందరూ మోకరిస్తారు. ఇంటికి పెద్దవారు ప్రార్థన ముగించి ఆమేన్ అనేదాకా ఎవరూ లేవరు. మధ్యలో లేచినందుకు రెబెక్కా ఎన్నోసార్లు చీవాట్లు తిన్నది. అందుకే ఆ పిల్లకు ఆ సంగతి అంత తేలికగా తెలిసింది. ఆశాజ్యోతి పప్పు రుబ్బడం ఆపి భర్త వైపు తిరిగింది.

"ఆ గదిలో ప్రార్థన ఎప్పుడైనా మధ్యలో ఆగిపోయిందా అండీ?"

"నాయనమ్మ జ్ఞాపకార్థ కూడిక రోజున. పెదనాన్నగారు ప్రార్థన చేస్తున్నారు. మధ్యలో నాన్న వాటాల మాటేదో అన్నారు. పెదనాన్నగారు అక్కడే లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. నేనప్పుడు మన రెబెక్కా అంత ఉంటాను. మేమంతా మోకాళ్ల మీదే ఉండిపోయాం, ఎప్పుడు లేవాలో తెలియక."

"తరువాత ఎవరైనా ముగించారా?"

"లేదు. ఆయన ఇంట్లో అడుగుపెట్టలేదుగా."

ఆదివారం ఉదయం ఆశాజ్యోతి ఎర్ర గచ్చును తడిబట్టతో తుడిచి, రాతి బల్ల మీద ఏసమ్మగారు అల్లిన లేసు గుడ్డ పరిచింది.

రాజ్ కుమార్‌గారు ఆరాధన వేళ దాటాక కారు దిగారు. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి పంచె, చేతికర్ర. వెనక గంగరాజు కొలిచే టేపు పట్టుకుని దిగాడు. ఇద్దరూ రోడ్డు మీద నిలబడి చూశారు.

"ఇంకా గోతిలోనే ఉందండి," అన్నాడు గంగరాజు వినయంగా.

రాజ్ కుమార్‌గారు చేతికర్రతో కిందికి దిగి, తల వంచి, చాలా ఏళ్ల తరువాత ఆ గదిలో అడుగుపెట్టారు. పిల్లల నమస్కారాలు అందుకున్నారు. ఎర్ర గచ్చు మీది చిన్న పాదాల గుర్తులు చూశారు. పైకి వెళ్లి వంటిల్లు చూశారు, దూలాలు తట్టి చూశారు. మళ్లీ కిందికి దిగి రాతి బల్ల మీద కూర్చున్నారు. ఎదుటి కిటికీలో రోడ్డు అంచు తప్ప మరేమీ లేదు.

"చాలా చేశావమ్మా ఆశా. మా తమ్ముడు బతికుంటే గర్వపడేవాడు. కానీ మాట మాటే కదా. ముందు గది లేవలేదు."

"మాట మాటేనండి. మీరు గంగరాజుగారితో ఏం చెప్పినా నేను అడ్డం రాను." ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. "ఇంటికి పెద్దవారు. ప్రార్థన ముగించి వెళ్లండి."

'ప్రార్థన చేసి వెళ్లండి' అనలేదు ఆమె. ఆయనకు ఆ తేడా తెలిసింది. తమ్ముడి కొడుకు వైపు చూశారు. అతడు కళ్లు దించుకున్నాడు.

"మోకాళ్లు వంగవురా సుకుమార్."

"నేను పట్టుకుంటాను పెదనాన్నగారూ."

అందరూ మోకరించారు. రోడ్డు మీద గంగరాజు చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నాడు. రాజ్ కుమార్‌గారు కొత్త ప్రార్థన ఏదీ ఎత్తుకోకుండా, తల్లి పేరు చెప్పి, తమ్ముడి పేరు చెప్పి, ఆనాడు ఆగిన చోటి నుంచే కొనసాగించారు. మధ్యలో యెహెజ్కేలు ఆయన పంచె అంచు పట్టుకుని లాగాడు. ఆయన ఆపలేదు.

"ఆమేన్," అన్నారు.

అందరూ ఆమేన్ అన్నారు. అప్పుడు గది లేచింది.

ఆయనను ఎవరూ పట్టుకుని లేపనక్కరలేదు. నేలే ఆయనను లేపింది. కళ్లు తెరిచేసరికి తన కాళ్ల మీద నిలబడి ఉన్నారు. కిటికీలో రోడ్డు అంచు కిందికి జారింది, దాని అవతల ఇళ్ల కప్పులు జారాయి, గట్టు జారింది. గోదావరి కనిపించింది. పంటు ఆవలి ఒడ్డుకు పోతోంది, దాని మీద మోటారుసైకిళ్లు, గొడుగు పట్టుకున్న ఒక మనిషి.

"ఇక్కడ కూర్చునే అమ్మ నాకు ఎక్కాలు చెప్పేది," అన్నారాయన. "పంటు అవతలికి చేరేలోగా ఒక ఎక్కం అప్పజెప్పాలి."

కింద నుంచి గంగరాజు గొంతు వినిపించింది. "సార్, నేను ఇక్కడే ఉండిపోయానండి."

రాజ్ కుమార్‌గారు వీధి గుమ్మంలోకి వచ్చారు. నేలలోంచి నాలుగు మెట్లు పైకి వచ్చి ఉన్నాయి, బురదతో, అక్కడక్కడ పాత నాచుతో. ఆయన తొందరపడకుండా ఒక్కొక్కటే దిగారు.

"కూర్చున్న ఇల్లని చెప్పి నిన్ను తీసుకొచ్చానయ్యా గంగరాజు. నిలబడ్డ ఇంటిని ఎలా ఇస్తాను? నా వాటా ఈ పిల్లలదే."

గంగరాజు ఇంటిని కింది నుంచి పైదాకా చూసి, టేపు జేబులో పెట్టుకున్నాడు. "ఇవ్వకూడదండి," అన్నాడు.

రాజ్ కుమార్‌గారు రోడ్డు మీదికి వెళ్లి నిలబడి, తండ్రి పోయించిన అక్షరాలను తల పైకెత్తి చదివారు. యెహెజ్కేలు అలవాటు ప్రకారం వచ్చి గుమ్మం వైపు చెయ్యి చాచాడు. అందలేదు. మునికాళ్ల మీద లేచాడు. అందలేదు. పెద్దాయన చేతికర్ర సుకుమార్‌కు ఇచ్చి, పిల్లవాడిని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుని మెట్ల దాకా నడిచి, గుమ్మం కింద నిలబడ్డారు.

వాడు రెండు చేతులూ చాచాడు. ఇంకా అందలేదు.