పంట రక్షణ పరికరం

నేను ఒక ఒంటి గొట్టం తుపాకిని. మనుషులు నన్ను ఆ పేరుతో పిలవడం దాదాపు మానేశారు కాబట్టి నేనే చెప్పుకోవలసి వస్తోంది.

నన్ను చేసిన కార్ఖానాలో 'సరుకు' అన్నారు. అమ్మిన దుకాణంలో 'పీసు' అన్నారు. చిత్తూరు పడమటి కొండల కింద వేరుశనగ పండించే ఒక పెద్దాయన లైసెన్సు తెచ్చుకుని నన్ను కొన్నాడు. ఆయన 'తుపాకీ' అనేవాడు, అదీ గొంతు తగ్గించి. ఆయన పోయాక కొడుకు గంగులప్ప చేతికి వచ్చాను. అతను చనువుగా 'మనోడు' అన్నాడు. తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఆ ముద్దుపేరుకు నేనూ కాస్త ఉబ్బిపోయాను.

అడవి పందులు చేలో పడితే గాల్లోకి కాల్చి బెదరగొట్టాలి. లైసెన్సు ఇచ్చింది అందుకే. గంగులప్పకు అంత ఓపిక ఎక్కడిది? పొదలు కదిలిన చోటికే గురిపెట్టేవాడు. ఒక సాయంత్రం గట్టు దగ్గర పొదలు కదిలాయి. కాల్చాడు. అక్కడ వంగి కంచె తీగ కట్టుకుంటున్నది పక్క చేను నరసింహులు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

కేసు నడిచింది, ప్రమాదమని తేల్చారు. ఈలోగా మండలంలో ఉన్న నా జాతినంతా స్టేషనుకు తెప్పించి గదిలో పడేశారు. వీటిని రైతులకు తిరిగి ఇవ్వాలా వద్దా అని మండలాఫీసులో సభ పెట్టారు. నమూనాకని నన్ను తీసుకువెళ్లి బల్ల మీద పడుకోబెట్టారు.

రైతుల తరఫున జయచంద్ర నాయుడు లేచాడు. అంతసేపు మాట్లాడినా ఒక్కసారి కూడా తుపాకి అనలేదు. 'పంట రక్షణ పరికరం' అన్నాడు. మందు కొట్టే డబ్బాకు నేను తోబుట్టువునన్నమాట! తుపాకులు తిరిగి ఇవ్వొద్దని వాదించడానికి తిరుపతి నుంచి వచ్చిన సుహాసిని అనే ఆవిడ నన్ను 'మారణాయుధం' అంది. రైతులు భగ్గుమన్నారు. "అంటే మేము హంతకులమా?" అని ఒకడు కుర్చీ తోసుకుని లేచాడు. అక్కడినుంచి రైతులు మంచివాళ్ళా కాదా అన్న దాని మీదే సభ నడిచింది. నా సంగతి అందరూ మరిచిపోయారు. బల్ల మీద పడి ఉన్న నాకు చిరాకెత్తింది. నాకు పంట మీద ప్రేమా లేదు, నెత్తురు మీద దాహమూ లేదు. నా మూతి ఎటు తిప్పితే అటు చిల్లి పడుతుంది, అంతే.

ముందు వరుసలో నరసింహులు భార్య కుప్పమ్మ కూర్చుని ఉంది. ఆమె భర్తను నాయుడు 'దురదృష్టకర సంఘటన' అన్నాడు, సుహాసిని 'బాధితుడు' అంది. నరసింహులు అని ఎవరూ అనలేదు.

చివరికి సభ నడుపుతున్న తహసీల్దారు గడియారం చూసుకుని, "సరే, పంట రక్షణకు వ్యతిరేకమైనవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

కుప్పమ్మ చెయ్యి ఒళ్లోంచి సగం లేచి ఆగిపోయింది. పంట రక్షణ వద్దని ఏ రైతు అంటాడు? ఆమె రెండెకరాలనూ పందులు తవ్విపోశాయి. ఆ చెయ్యి అలా ఆగిపోవడం చూసి నాకు మనుషుల మాటలంటే మొదటిసారి భయం వేసింది.

ఆమె లేచి నిలబడింది. "సారూ, పంటను కాపాడుకోవాల్సిందే. నేను వద్దనలా. ఈ తుపాకి మళ్ళా మా గట్టు పక్కకు రావాల్నా, వద్దా? నాకు కావాల్సింది అది. అట్లా అడగండి అందరినీ."

తహసీల్దారు చెడ్డవాడు కాదు. "అమ్మా, అది నీ సొంత విషయం. ఇక్కడ మాట్లాడేది విధానం గురించి" అని మెత్తగానే చెప్పాడు.

"నీ బాధ మాకు తెలవదా అక్కా, కూచో" అన్నాడు నాయుడు.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఏకగ్రీవం అన్నారు, చప్పట్లు కొట్టారు. గంగులప్ప తలెత్తకుండా వచ్చి నన్ను తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

ఇప్పుడు మళ్ళీ కాయ ఊరే రోజులు. పొద్దు వాలగానే గంగులప్ప నన్ను ఒళ్లో పెట్టుకుని మంచె మీద కూర్చుంటున్నాడు. నన్ను 'మనోడు' అనడం మానేశాడు. ఆకు కదిలితే ఉలిక్కిపడి నా మూతి అటు తిప్పుతున్నాడు. నా గొట్టంలో తూటా ఉంది. అది ఉన్నంతసేపు నాకూ స్థిమితం లేదు.

ఆ వేళకే కుప్పమ్మ నీళ్ళు మళ్ళించడానికి చేలోకి వస్తుంది. ఒంగుతూ లేస్తూ, గట్టుపొడుగునా గొంతు చించుకుని అరుస్తూనే ఉంటుంది.

"అన్నా, నేను! కుప్పమ్మను! పందిని గాదు, మనిషిని!"

ఎదురుగాలి వీచినప్పుడు ఆ కేక మా దాకా రాదు. పొదలు కదలడం మాత్రం కనిపిస్తుంది.