పచ్చగా ఉన్న సెప్టెంబర్ సంచిక

మార్చి పదకొండు, మంగళవారం ఉదయం పదిన్నరకు నరీన్ పట్టణంలోని ఒక పశుపోషణ కళాశాల గ్రంథాలయం ముందు పాత కాగితాల లారీ ఆగింది. ‘కోక్ జైలో’ అనే కాపరుల మాసపత్రిక పాత సంచికలను గుజ్జు మిల్లుకు తీసుకుపోవడానికి వచ్చింది.

నేలమాళిగ ఖాళీ చేయాలని డైరెక్టర్ ఆదేశం. మరే గ్రంథాలయంలోనూ లేని సంచికలను మాత్రం ఉంచుకోవచ్చు. ఏది ఎక్కడ ఉందో చెప్పేది నాలుగు గ్రంథాలయాలు కలిసి తయారు చేయించుకున్న ప్రోగ్రామ్. ఉన్న సంచికకు పచ్చ గుర్తు, రానిదానికి ఎర్ర గుర్తు. ఆ ఉదయం ‘కోక్ జైలో’ ప్రతి సంచికా రాజధాని బిష్కెక్ గ్రంథాలయంలో పచ్చగా ఉంది.

నరీన్ గ్రంథాలయాధికారి సైకాల్ ఆ పత్రికను ఏటా బైండు చేయిస్తూ వచ్చారు. తొంభై నాలుగులో టపా సరిగా నడవలేదని ఆమెకు గుర్తుంది. మొదటి కట్టలు లారీ ఎక్కాక బిష్కెక్ గ్రంథాలయంలో పనిచేసే బూరుల్‌కు ఫోన్ చేశారు.

“బూరుల్, తొంభై నాలుగు మే సంచిక నీ దగ్గరుందా?”

“ఉంది ఎజే,” అంది బూరుల్, అక్కా అని పిలిచే వాళ్ళ మాటలో. “పచ్చగా ఉంది.”

“తెర సంగతి కాదమ్మా. బీరువా దగ్గరకెళ్ళి చూడు.”

బూరుల్ వెళ్ళి వచ్చింది.

“ఎజే, ఏప్రిల్ ఉంది. దాని పక్కనే తొంభై అయిదు జనవరి ఉంది. మధ్యలో ఏమీ లేవు. ఇక్కడ చూస్తే అన్నీ పచ్చ! నాకేం అర్థం కావట్లేదు.”

ప్రోగ్రామ్ రాసిన ఉలాన్‌ను కూడా ఫోన్‌లోకి కలిపి సైకాల్ స్పీకర్ పెట్టారు.

“అదా! సంచిక రాలేదని నెలలోపు ఎవరూ చెప్పకపోతే వచ్చినట్టే రాసుకుంటుంది ఎజే. పాతవాటికీ అంతే. మీరే కదా అలా పెట్టమన్నారు?”

“మేమెప్పుడన్నాం?”

“మొదటి సమావేశంలో. ఎర్ర గుర్తు కనబడితే తనిఖీవాళ్ళు ఒక్కోదానికీ సంజాయిషీ రాయమంటారని గోల పెట్టలేదూ? అందరూ చేతులెత్తారు.”

“నేనూ ఎత్తాను. మీరూ ఎత్తారు ఎజే,” అంది బూరుల్.

సైకాల్ తన తెర వైపు చూశారు. నరీన్ వరస కూడా మొత్తం పచ్చగానే ఉంది.

“అయితే నా దగ్గర పచ్చగా ఉన్నవి ఉన్నట్టా, లేనట్టా?”

“అది ప్రోగ్రామ్‌కి తెలీదు ఎజే.”

“పోనీ నీకు?”

“నాకూ తెలీదు.”

లారీ డ్రైవర్ మామత్ గుమ్మంలో టీ తాగుతూ ఇదంతా విన్నాడు. “ఎజే, నా లారీ ఆ తెరలో పచ్చగా ఉందేమో చూడండి. ఉంటే మిల్లుకు చేరిపోయినట్టే. నేనింటికెళ్తాను.”

“ముందు ఎక్కించినవి దింపండి అన్నా. తర్వాత వెళ్దురుగాని.”

కట్టలు దింపారు. మధ్యాహ్నం సైకాల్ తొంభై నాలుగు సంపుటం విప్పి ఒక్కో ముఖచిత్రం మీది నెల ఫోన్‌లో ఆ ఇద్దరికీ చదివి వినిపించారు. మే, జూన్. జులై, ఆగస్టు కలిపి ఒకే సంచిక. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మూడు. ఇవేవీ బిష్కెక్ బీరువాలో లేవు. మిగిలిన రెండు గ్రంథాలయాలకు ఫోన్ చేశారు. అవి ఆ పత్రికను ఎన్నడూ తెప్పించలేదు.

“సెప్టెంబర్ ఏది ఎజే?”

“నా దగ్గర లేదు. నీ దగ్గర?”

“లేదు. కానీ రెండు చోట్లా ఉన్నట్టు చూపిస్తోంది.”

“అసలు అచ్చయిందా అది? ఆ ఏడాది కాగితమే దొరకలేదు కదా. ఉలాన్?”

“మాసపత్రిక అన్నారు, ఏడాదికి పన్నెండు పెట్టాను. అచ్చయిందో లేదో నాకెలా తెలుస్తుంది ఎజే? అప్పటికి నేను నడవడం కూడా నేర్చుకోలేదు.”

నాలుగింటికి డైరెక్టర్ ఆదేశం మార్చారు. రెండు చోట్లా బీరువాల్లో చూసి సరిపోల్చేదాకా ‘కోక్ జైలో’ను కదపకూడదు. లారీ పాత పాఠ్యపుస్తకాలతో వెళ్ళిపోయింది.

ఆరింటికి గ్రంథాలయం మూసే సమయానికి తొంభై నాలుగు సెప్టెంబర్ సంచిక నరీన్‌లో దొరకలేదు, బిష్కెక్‌లోనూ దొరకలేదు. తెర మీద రెండు చోట్లా పచ్చగా ఉంది.